మా వాటా రోడ్డు

మా ఊరికి మొట్టమొదటిసారి బస్సు వచ్చిన సాయంత్రం నేను ఆ బస్సులోనే ఉన్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరి ముందు కాలువ మీది మోరీ దాటగానే మా ఆయన, పేరు ఆశీర్వాదం, బంతిపూల దండలు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి కనిపించాడు. పెళ్ళిలో నా మెడలో దండ వేసినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు. ఒక దండ డ్రైవర్‌కి వేశాడు, ఇంకోటి బస్సు అద్దానికి కట్టించాడు. మూడోది లేదు కాబట్టి నన్ను చూసి నవ్వి ఊరుకున్నాడు.

"దిగు డెబోరా, నిదానంగా దిగు. మన ఊరి బస్సు ఇది" అన్నాడు, సొంత బండి కొన్నవాడిలా.

ఒక రకంగా అది ఆయన బస్సే. ఆరేళ్ళు అర్జీలు రాసింది ఆయన. మా దిన్నెహాళులో నూట ఎనభై ఇళ్ళుంటాయి. అంగన్‌వాడీ ఉంది, ఐదో తరగతి దాకా బడి ఉంది, తాగే నీళ్ళు శుద్ధి చేసే మిషను ఒకటి ఉంది. అది ఆరు నెలలు పనిచేస్తే ఆరు నెలలు అలుగుతుంది. బస్సు మాత్రం లేదు. బళ్ళారి నుంచి కంప్లి పోయే బస్సులో మా క్రాస్ దగ్గర దిగి ఐదు కిలోమీటర్లు లోపలికి నడవాలి, లేదంటే ఎవరి బండి వెనకో ఎక్కాలి. పంచాయతీ ఆఫీసు, డిపో, మళ్ళీ డిపో, ఇలా ఆశీర్వాదం తిరగని చోటు లేదు. ప్రతి అర్జీలోనూ ఒక మాట తప్పకుండా రాసేవాడు: "మా ఊరికి మంచి తారు రోడ్డు కలదు." ఆ మాట నాకు కంఠతా వచ్చు. ఆయన కన్నడంలో రాసిన అర్జీల్లో తప్పులు దిద్దింది నేనే మరి.

నేను పనికి కుదిరాక, నా కోసమే రాస్తున్నానని చెప్పేవాడు. నిజమే కూడా. నేను బళ్ళారి కౌల్ బజార్‌లో ఒక జీన్సు యూనిట్‌లో జేబులు కుడతాను. తొమ్మిదింటికల్లా మిషన్ ముందు కూర్చోవాలి. మా ఊరి నుంచి రోజూ వెళ్ళి రావడం కుదరదు కాబట్టి సోమవారం వెళ్ళి శనివారం వచ్చేదాన్ని. మధ్యలో ఐదు రోజులు ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక అద్దె గదిలో ఉండేదాన్ని. మా పాప షెకైనాకు తొమ్మిదేళ్ళు. మూడేళ్ళుగా దాన్ని మా అత్త సామ్రాజ్యం పెంచుతోంది.

డిసెంబరు మొదట్లో బస్సు వేశారు. రెండు నెలలు నడిపి చూస్తామన్నారు డిపో వాళ్ళు. పొద్దున ఆరున్నరకు మా ఊరి చర్చి ముందు నుంచి బయలుదేరుతుంది, సాయంత్రం ఏడు లోపల తిరిగి చర్చి దగ్గరికే వస్తుంది. జనం ఎక్కాలి, బస్సు రోజూ చివరి స్టాపు దాకా పోయి రావాలి. ఆ రెండూ సరిగ్గా జరిగితే ఖాయం చేస్తారు. జనం గురించి మాకు దిగులు లేదు. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, మా ఊళ్ళో ఆడవాళ్ళు బళ్ళారి చూసి ఏళ్ళయింది.

ఆ మొదటి సాయంత్రం షెకైనా నన్ను చూసి సంతోషపడలేదు, అనుమానపడింది.

"ఈ దినం శనివారం కాదు గదమ్మా. పని పీకేసినారా?"

"లేదు పాపా. ఇంక దినామూ వస్తా."

"రేపు గూడా వస్తావా?"

"రేపు గూడా."

అది నమ్మలేదు. రోజూ అదే ప్రశ్న. పొద్దున జడ వేసేటప్పుడు ఒకసారి, బస్సెక్కేటప్పుడు ఒకసారి అడిగేది. జీన్సు గుడ్డ రంగు అంటి నా గోళ్ళు ఎప్పుడూ నీలంగా ఉంటాయని దానికి తెలియదు. శనివారాలు బయలుదేరే ముందు నిమ్మచెక్కతో రుద్దుకుని వచ్చేదాన్ని. రోజూ రుద్దుకునే తీరిక ఎక్కడిది? "ఇదేంది, సిరా పూసుకున్నావా?" అని ఒక్కో వేలూ పట్టుకుని చూసింది. నా బిడ్డకు పెరుగన్నంలో ఉల్లిపాయ నంజుకోవడం ఇష్టమని నాకూ అప్పుడే తెలిసింది. మూడేళ్ళలో తెలియనివి మూడు వారాల్లో తెలిశాయి. సిగ్గేసింది, సంతోషంగానూ ఉండింది. క్రిస్మస్ అయిపోయిన వారంలో ఒకరోజు బస్సెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది: షెకైనా ఆ పొద్దున "రేపు గూడా వస్తావా?" అని అడగలేదు. మర్నాడూ అడగలేదు. బస్సులో పక్కనున్న ఆమె ఏమక్కా నవ్వుకుంటాండావు అంది. ఊరికే అన్నాను.

జనవరి మూడో వారంలో మిరపకాయ కోతకు వచ్చింది.

ఇక్కడ మా రోడ్డు సంగతి చెప్పాలి. ఏడేళ్ళ కిందట తారు రోడ్డు వేసినప్పుడు, దాని మీదికి బండ్ల కన్నా ముందు కాయ ఎక్కింది. మాది నల్లరేగడి నేల, పక్కనే కాలువ. మట్టి కల్లంలో ఆరబోస్తే కింద నుంచి తేమ ఎక్కి కాయ తెల్లబారుతుంది. తారు మీద అయితే పై నుంచీ కింద నుంచీ కాగి, నాలుగైదు రోజుల్లో గలగలలాడుతుంది. అందుకని రోడ్డు వేసిన నెలకే ఊరి పెద్దలు తాడు పట్టుకుని మోరీ నుంచి చర్చి దాకా కొలిచి, రైతు రైతుకూ వాటా పంచారు. పొలాల గట్ల దగ్గర తలలు పగలగొట్టుకున్న వాళ్ళు ఉన్నారు గానీ, ఈ వాటాల దగ్గర ఇంతవరకు ఒక్క మాట పెరగలేదు. రోడ్డు కోసం తిరిగినవాడని ఆశీర్వాదానికి మోరీ పక్క వాటా ఇచ్చారు. చెట్టు నీడ పడదు, పొద్దుగూకులూ ఎండ తగులుతుంది. డెబ్బై అడుగులు. ఊళ్ళోకి వచ్చేవాళ్ళకు మొదట కనబడేది మాదే.

రోడ్డులో ముప్పాతిక వంతు కాయ, బైకు పోయేంత సందు, అంచున రాళ్ళు, కంపలు. ఇది మాకు ఎంత మామూలు అంటే, బస్సు అడిగిన ఆరేళ్ళలో జనవరి నెల ఒకటి ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. అర్జీ రాసిన ఆయనకు తట్టలేదు, దిద్దిన నాకూ తట్టలేదు.

ఆ సోమవారం సాయంత్రం డ్రైవర్ హంపయ్య మోరీ మీద బ్రేకు వేశాడు. ఎదురుగా మా కాయ, మా రాళ్ళు. కండక్టర్ రుద్రేశ్ దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది, రోడ్డా కల్లమా?"

"ఎక్కించుకొని పో అన్నా, ఒక పక్క చక్రమే తగులుతాది" అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు.

"కాయ మీద చక్రం నా చేతుల్తో ఎక్కించేది లేదు" అన్నాడు హంపయ్య. "నేనూ రైతు కొడుకునే. ఇల్లే ఇళీరి, అందరూ ఈడనే దిగండి."

దిగాం. అది సన్న రోడ్డు, ఆ దగ్గర్లో తిప్పుకునే చోటు చర్చి ముందు తప్ప ఇంకెక్కడా లేదు. రుద్రేశ్ వెనక నిలబడి విజిల్ వేస్తుంటే హంపయ్య ఆ బస్సును బండ్ల బాట చీలే చోటు దాకా అర కిలోమీటరు వెనక్కే నడిపించుకుంటూ పోయాడు. మా ఊరివాళ్ళు ఎంత బాగా నడుపుతాడో అని మెచ్చుకున్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున బస్సు మోరీ అవతలే ఆగేది, మేమే నడిచి వెళ్ళి ఎక్కేవాళ్ళం. ఎవరికీ పెద్ద కష్టం అనిపించలేదు.

బుధవారం రుద్రేశ్ నా సీటు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, నేను దినామూ చర్చి స్టాపు దాకా పోయినామని రాస్తాండా. అబద్ధం. ఎన్ని దినాలు రాయల్ల? రివర్సులో ఎవరికన్నా తగిలితే హంపయ్యన్న ఉద్యోగం పోతాది. యాడనో మాట పోయినట్టుండాది, డిపో నుంచి చూసేకి వస్తారంట. మీ ఆయనకు చెప్పక్కా, ఆయన మాట ఊళ్ళో నడుస్తాది గదా."

ఆ సాయంత్రం ఇంటికి పోగానే చెప్పాను. ఆశీర్వాదం కాయ తిరగేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నాలుగు దినాలు డెబోరా. నాలుగే. ఆరిపోతే ఎత్తేస్తా."

"నీకు నాలుగు దినాలు. తర్వాత పక్క వాటా తిప్పన్నకు నాలుగు. ఆయప్ప తర్వాత వెంకటరామన్నకు. మార్చి వస్తాది. బస్సు ఉంటాదా అంతవరకు?"

"ముందేడు వాన తగిలి కాయంతా నల్లబడిపాయ, మర్చిపోతివా? ఇప్పుడు పచ్చి కాయ ఎత్తి యాడ పోసేది, నీ తల మీదనా?"

"మోరీ కాడ మొదటి రాయి నీది. నువ్వు తీస్తే వాళ్ళూ తీస్తారు."

"తీస్తారని ఎవరు చెప్పినారు? నేనొక్కడే తీసి ఊళ్ళో ఎర్రోడు కావల్లనా?"

మా అత్త గడప మీద కూర్చుని వింటోంది. "ఒరే, ఆ పిల్ల ఇంటికొస్తాంది గదరా, అది సాలదా నీకు?" అంది కొడుకుతో. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెంకటరామి ఇంటికి పోయాడు. వెంకటరామి మా ఊళ్ళో పెద్ద రైతు, మేము చేసే రెండెకరాలూ ఆయన దగ్గర కౌలుకు తీసుకున్నవే. ఆయన ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టే.

గంటకు తిరిగొచ్చి, "ఆదివారం అందరమూ కలిసి ఎత్తేద్దామన్నారు" అన్నాడు.

"ఆదివారం దాకా ఎందుకు?"

"అప్పటికి నాది ఆరుతాది గదా."

ఆయన కావాలని నన్ను దూరం పెడుతున్నాడని కాదు. తను ఎంచుకుంటున్నానని కూడా ఆయనకు తెలియదు. ఒక పక్క కాయ, ఒక పక్క నేను, మధ్యలో నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో భార్య ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. నాకు కాలింది అక్కడే. అన్నం పెట్టి పక్కకు పోయాను. పొద్దున జడ వేస్తుంటే షెకైనా అద్దంలో నన్నే చూస్తూ అడిగింది, "రేపు గూడా వస్తావా అమ్మా?"

శుక్రవారం సాయంత్రం బస్సులో ముందు సీట్లో ఒక కొత్తాయన కూర్చున్నాడు. మామూలు చొక్కా, చేతిలో ఫైలు. మోరీ దగ్గర బస్సు ఆగింది. ఆయన దిగి చూశాడు. పొద్దు గుంకడానికి ఇంకా కొంచెం ఉంది. మోరీ నుంచి చర్చి దాకా రోడ్డంతా ఎర్రగా పరుచుకుని ఉంది. చెప్పకూడదు గానీ, చూడ్డానికి చాలా బాగుంది.

ఆఫీసరు వచ్చాడని తెలిసి ఆశీర్వాదం చెంబుతో నీళ్ళు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. తిప్పన్న వచ్చాడు, వెంకటరామీ వచ్చాడు. ఆఫీసరు గొంతుక్కూర్చుని మా కాయ ఒకటి తీసి, విరిచి, వాసన చూశాడు.

"కాయి చెన్నాగిదె" అన్నాడు. "ఒళ్ళె బణ్ణ." కాయ బాగుందట, రంగు బాగుందట.

మావాళ్ళ ముఖాలు చూడాలి! ఆయన జేబులోంచి ఫోను తీసి ఫోటోలు తీస్తుంటే తిప్పన్న తన టార్పాలిన్ మడిచి పక్కకు లాగాడు, ఫోటోలో కాయకు అడ్డం రాకూడదని. ఆశీర్వాదం మంచి మంచి కాయలు ఏరి సంచిలో పోసి ఇవ్వబోతే ఆయన చేతులు జోడించి వద్దన్నాడు. నీళ్ళు మాత్రం తాగాడు. అందరికీ నమస్కారం చెప్పి బస్సెక్కాడు. బస్సు వెనక్కి కదిలేటప్పుడు నేను హంపయ్య వైపు చూశాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆశీర్వాదం హుషారుగా ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని, "చూస్తివా, ఒక్క మాట అనలేదు ఆఫీసరు. మంచోడు. రైతు కష్టం తెలిసినోడు" అన్నాడు.

"ఆయప్ప ఫోటో తీసింది కాయకు కాదు" అన్నాను. "రోడ్డుకు."

కలిపిన ముద్ద ఆయన చేతిలో ఆగిపోయింది. తర్వాత ముద్ద కంచంలోనే వదిలి, చేయి కడుక్కుని బయటికి పోయాడు. నేను పిలవలేదు.

కొంచెం సేపటికి మోరీ వైపు నుంచి చీపురు చప్పుడు, రాళ్ళు పక్కకు దొర్లే చప్పుడు వినిపించాయి. బయటికి వచ్చి చూస్తే ఒక్కడే మా కాయ ఎత్తుతున్నాడు. నేను, అత్త, షెకైనా వెళ్ళి సంచులు పట్టాం. మాది రేకుల ఇల్లు, మిద్దె లేదు. మంచాలు బయట వేసి, వంటిల్లు తప్ప ఇల్లంతా కాయ పోశాం, ఫ్యాన్లు వేశాం. ఆ ఘాటుకు ఇంట్లో ఒక్క నిమిషం నిలబడలేకపోయాం. దగ్గుతూ, తుమ్ముతూ, ముక్కులు చీదుకుంటూ నలుగురమూ వరండాలో పడుకున్నాం. షెకైనాకు అదొక ఆట, నవ్వుతూనే ఉండింది.

శనివారం పొద్దున బస్సు రాలేదు. టైరు పోయి ఉంటుందనుకుని బైకు మీద క్రాస్ దాకా వెళ్ళి ఎక్కాను. మా వాటా ఖాళీగా ఉండటం ఊరంతా చూసింది. మధ్యాహ్నానికి తిప్పన్న ఎత్తేశాడు. సాయంత్రానికి ఇంకో పది మంది ఎత్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరును అడిగితే చర్చి వెనక బండల గచ్చు ఇచ్చాడు. వెంకటరామి తన కాయ ట్రాక్టరులో అక్కడికి తోలించాడు. ఎవరూ గొణుక్కోలేదు. రాళ్ళు మోరీ కింద పడేశారు, ఆడవాళ్ళు రోడ్డు ఊడ్చారు. నా మొగుడు మొదటి రాయి తీస్తే రెండు రోజుల్లో ఊరు రోడ్డు ఖాళీ చేసింది. అది చూసి ఆయన సంతోషపడతాడనుకున్నాను. ఆయన మోరీ గోడ మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

సోమవారం ఆరు గంటలకే చర్చి ముందు చేరాం. మోరీ దాకా రోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంది. ఆరున్నర అయింది. ఏడయింది. ఆశీర్వాదం రుద్రేశ్‌కు ఫోను చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"అన్నా, నీకు ఎవరూ చెప్పలేదా? మీ ఊరి షెడ్యూలు శనివారమే తీసేసినారు. ఆ బస్సు వేరే రూటుకు వేసినారు. నన్ను సండూరు బస్సులో వేసినారు, ఇప్పుడు అందులోనే ఉండా."

"రోడ్డు ఖాళీ చేసినామప్పా. చూసేకి రమ్మను. ఒక్కసారి రమ్మని చెప్పు."

"నా చేతిలో ఏముండాదన్నా? హంపయ్యన్న గూడా బాధపడె."

ఫోను పెట్టేసేసరికి ఎండ ఎక్కుతోంది. "ఎండ ఊరికే పోతాంది గదప్పా" అన్నాడు తిప్పన్న మెల్లగా, ఎవరినీ చూడకుండా. వెళ్ళి సంచి తెచ్చి తన వాటాలో కాయ దిమ్మరించాడు. తర్వాత ఇంకొకరు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళ కాయ వాళ్ళది.

ఆశీర్వాదం నన్ను బైకు మీద క్రాస్‌లో దించాడు. బయలుదేరేటప్పుడు షెకైనా రేపు వస్తావా అని అడగలేదు. "శనివారమే గదా?" అంది. దారంతా నా చెవుల్లో అదే మాట.

బైకు దిగాక, "మళ్ళా రాస్తా డెబోరా అర్జీ" అన్నాడు ఆయన.

"రాయి. ఈసారి నువ్వే దిద్దుకో."

ఆయన తల ఊపాడు. ఆ ఊపడం చూసి ఇంకా కోపమొచ్చింది. "జూన్‌లో షెకైనాను నా కాడికి తీసుకపోతా. బళ్ళారిలోనే చదువుతాది. అత్త వస్తే అత్తనూ తీసుకపోతా. ఇంక శనివారం అమ్మగా నేను ఉండలేను" అన్నాను.

బైకు హ్యాండిల్ పట్టుకుని "సరే" అన్నాడు. కంప్లి వైపు నుంచి బస్సు వస్తే చేయెత్తి ఆపింది ఆయనే.

ఆ వారమంతా నేను ఫోను చేస్తే షెకైనాతో మాట్లాడి పెట్టేశాను. ఆయన కోసం అడగలేదు. శనివారాలు మా యూనిట్ ఒంటిగంటకు వదులుతుంది. క్రాస్‌కు బైకు తీసుకు రమ్మని ఆయనకు చెప్పకుండా ఎండలో నడిచి వచ్చాను. మోరీ ఇంకా కొంచెం దూరం ఉండగానే తిప్పన్న ఎదురయ్యాడు, సైకిలు దిగాడు.

"అక్కా, నువ్వన్నా మీ ఆయనకు చెప్పు. ఊళ్ళో అందరికంటే మంచి ఎండ తగిలే వాటా ఖాళీగా పెట్టినాడు. ఇంట్లో కాయ తెల్లబారిపోతాంది, తెచ్చి పోసుకోడు. నువ్వు పోసుకోకుంటే నాకన్నా ఇయ్యప్పా అంటే ఇయ్యడు. బస్సు రాదు గదప్పా అంటే, రాకుంటే రానీ అంటాడు. అట్ల మాట్లాడితే ఏం చెప్పల్ల?"

"నేనేం చెప్తా అన్నా" అన్నాను.

మోరీ మీదికి వచ్చి నిలబడ్డాను. అక్కడి నుంచి చర్చి దాకా రోడ్డు ఎర్రగా ఉంది, ఈ చివర మా డెబ్బై అడుగులు తప్ప. అక్కడ కాయ లేదు, రాయి లేదు, కంప లేదు. ఊడ్చి పెట్టి ఉంది. ఎవరి కోసమని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు. పనికిమాలిన పని, ఇంట్లో కాయ పాడవుతుంటే. నాకు కోపం పోలేదు, జూన్ మాట మారలేదు. అయినా ఏడుపొచ్చింది, అక్కడే నిలబడి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని, ఆ డెబ్బై అడుగులూ రోడ్డు నడిమధ్యలో నడిచాను. తర్వాత తిప్పన్న కాయ మొదలైంది. అంచుకు దిగాను.